రంగుల వారీగా సర్దిన రాళ్లు

1986 వానాకాలంలో కలకత్తాలో జరిగిన ఒక మహాగాథ చెబుతాను. పాతాళం, అగ్ని, నిధి, ఢిల్లీ నుంచి దిగిన పెద్దలు, అన్నీ ఉన్నాయి. గాథే లేదు. అగ్ని చల్లారి కోట్ల ఏళ్లయింది. నిధి అంటే రాగి, జింకు, అదీ ఉంటేగింటే. పెద్దల ధ్యాసంతా మధ్యాహ్నం చేపల కూర మీద.

నేను ఖనిజాలు వెతికే ఒక కంపెనీలో జియాలజిస్టుగా చేరి అప్పటికి ఏడాది. మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ‘ఇనుము వదిలేసి రాళ్ల వెంట పడ్డావేట్రా’ అని ఆయన అడగని ఆదివారం లేదు.

మేము వెతుకుతున్న గుట్ట ఛోటానాగ్‌పూర్ వైపు ఉంది. దాని చరిత్ర చిన్నదే: వచ్చారు, తవ్వారు, పోయారు. పూర్వం రాగి కరిగించినవాళ్లు చిట్టెం కుప్పలు వదిలిపోయారు. దొరల కాలపు కంపెనీ గోతులు వదిలింది. స్వతంత్రం వచ్చాక సర్వేకి వచ్చినవాళ్లు ‘ఆశాజనకం’ అనే మాట వదిలారు. ఆ మాటను పట్టుకున్నది మా పై అధికారి మిత్రాదా. ఉద్యోగమంతా ఆ గుట్టకే ధారపోశారు. మరుసటేడు రిటైర్మెంటు.

అక్కడున్నది స్కార్న్. సున్నపురాయిలోకి కరిగిన గ్రానైటు చొచ్చుకొస్తే, దాని వేడి ద్రవాలు పక్క రాయిని వండి మార్చేస్తాయి. గ్రానైటు దగ్గర ఎర్రటి గార్నెట్, కాస్త అవతల ఆకుపచ్చటి పైరాక్సీన్, ఆపైన తెల్లటి పాలరాయి. ఒక్కోచోట పచ్చ లేకుండానే ఎరుపు నేరుగా తెలుపును తాకుతుంది. లోహం ఉంటే ఎరుపులోనూ పచ్చలోనూ ఉండాలి. ఆ భాగం ఒకేచోట మందంగా ఉంటే గని అవుతుంది. సన్నటి పట్టీలుగా ఉంటే మ్యూజియంలో పెట్టుకోవడానికి బాగుంటుంది.

మొదటి బోరు వేశాం. బోరులోంచి కడ్డీలా వచ్చే రాయిని కోర్ అంటారు. వచ్చిన వరసలోనే చెక్కపెట్టెల్లో పేర్చి, మధ్యమధ్య లోతు రాసిన చెక్కముక్కలు పెడతారు. వరస పోతే అది కోర్ కాదు, కంకర. క్యాంపులో గుడారాలు కారుతున్నాయని, వివరాలు కలకత్తాలో తీరిగ్గా రాసుకుందామని మిత్రాదా పెట్టెలను రైలెక్కించారు. సోమవారం ఢిల్లీ నుంచి కమిటీ వచ్చి కోర్ చూస్తుంది. నచ్చితే రెండో బోరు. లేకపోతే క్యాంపు ఎత్తివేత.

సోమవారం పొద్దున్న షాలిమార్ రైల్వే యార్డు నుంచి పెట్టెలు మా షెడ్డుకు చేరాయి. మూతలు తీసేలోపే కమిటీ కూడా చేరింది. మూతలు తీశాక అందరూ పెట్టెల మీదికి వంగారు. మొదటి పెట్టెలు మల్లెపువ్వుల్లా తెలుపు, తరవాతివి పచ్చ, ఆ తరవాత వరసగా ఎరుపు. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టుంది.

“ఇంత మందమైన గార్నెట్ జోన్ నేనెప్పుడూ చూడలేదు మిత్రాబాబూ!” అన్నాడు కమిటీ అధ్యక్షుడు. మిత్రాదా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒక చిన్న చిరాకు. లోతు రాసిన చెక్కముక్కలు ఒక్కటీ కనబడలేదు.

పెట్టెలు దింపిన ముఠా మేస్త్రి సింహాచలం గుమ్మంలో బీడీ ముట్టిస్తున్నాడు. శ్రీకాకుళం మనిషి, కలకత్తాలోనే ఏక్‌బాల్‌పూర్‌లో కాపురం.

“మావా, ఇందులో చెక్కముక్కలుండాలి. ఏవి?”

“అవా బాబూ? నిన్న యార్డులో ఇడ్లీ రేకుల్లా పేర్చిన పెట్టెలన్నీ జారి పడిపోనాయి. మూతలూడి రాళ్లన్నీ బురదలో. ఆ సెక్కలు పనికిరానివని టీ పొయ్యిలో ఎట్టీసినాం. వాన కదా, వేరే పుల్లలు అంటుకోనేదు.”

“మరి రాళ్లు?”

“కడిగి సుబ్బరంగా సర్దినాం గదేటి! తెల్లవి తెల్లవాటితోటి, ఎర్రవి ఎర్రవాటితోటి. ఢిల్లీ పెద్దలొస్తన్నారంట గదా, మన పరువు పోకూడదని.”

నిజానికి అంత శ్రద్ధగా మా ఆఫీసులో ఎవరూ ఏ పనీ చేయలేదు. తిట్టడం మానేసి ఒక్కటే అడిగాను. “సగం ఎరుపు, సగం తెలుపు ఉన్నవేం చేశారు?”

“అవే బాబూ సంపేసినాయి! ఎటెయ్యాలో తెలీక ఆ మూల పెట్టెలో పడీసినాం.”

మూల పెట్టె మూత తీశాను. నిండా అవే. ఎరుపు, తెలుపు కలిసే చోట విరిగిన ముక్కలు. ఎర్రటి భాగం ఒకే మందపాటి దిమ్మ అయితే అలాంటివి రెండో మూడో దొరకాలి. పెట్టెడు దొరికాయంటే, లోపల ఎరుపు తెలుపులు సన్నటి పట్టీలుగా పదేపదే మారుతున్నాయన్నమాట.

మిత్రాదాను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన పెట్టెలోంచి రెండు ముక్కలు తీసి తిప్పి చూశారు.

“రావ్, ఈ పెట్టె వాళ్లు చూడలేదు కదా?”

“లేదు దాదా.”

“చూపిద్దాం పద.” ఆ పెట్టె ఆయనే ఒక పక్క పట్టుకున్నారు. రెండో పక్క నేను. ఇలాంటి సందర్భంలో వెనక వీణ వినిపించాలి. బయట ఊరేగింపు నినాదాలు వినిపించాయి.

విరిగిన అంచులు కలుపుకుంటూ కోర్‌ను మళ్లీ వరసకు తెచ్చేసరికి దుర్గాపూజ సెలవులు వచ్చేశాయి. పట్టీలు పట్టీలే. రెండో బోరు రాలేదు, క్యాంపు ఎత్తేశారు. గుట్టను వదిలిపోయినవాళ్ల జాబితాలో మేమూ చేరాం. మిత్రాదా ఆఖరి రిపోర్టులో ‘ఆశాజనకం’ అని రాసి, చదువుకుని, కొట్టేశారు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. సత్యం, వృత్తిధర్మం లాంటివేవో వస్తాయని పెన్ను తీస్తారు కూడా. కోర్ పెట్టె మూతకు రెండు మేకులు చాలవు. ఆరు కొట్టాలి.