గుడికీ కొమ్ముకూ మధ్య

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు లోకంలో రెండే భయాలు. ఒకటి మా అమ్మ, రెండోది నా డైరీ మా అమ్మ చేతిలో పడటం. "ఒక్క మాట వినవడ్డదంటే పెట్టె సర్దుకొని మిర్యాలగూడ రావాలె" అనే షరతు మీదే నన్ను హైదరాబాదు పంపింది. అట్లాంటి నేను, రూమ్మేటు మాట కాదనలేక శనాదివారాలు గోవా వెళ్లాను. (ఆమెది కోదాడ. గొంతును బట్టి అందరూ మైకు అనేవాళ్లు.) అక్కడొక తోటలో వాళ్లే తయారుచేసిన జిన్ను అనే మందు రుచి చూపిస్తారట. ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాను. జలుబుకు నాన్న కాచే ధనియాల కషాయంలో ఎవరో స్పిరిట్ కలిపినట్టుంది. మింగలేక, నలుగురిలో ఉమ్మలేక బుగ్గన పెట్టుకుని నిలబడ్డప్పుడే అమ్మ ఫోను. "ఊఁ" అన్నాను. వెనకనుంచి మైకు, "రావే, ఇంకో రకం జిన్ను ఉందంట!" అని అరిచింది.

నా ఉద్యోగం ఖతం అనుకున్నాను.

"జున్నా? గాడ గూడ దొరుకుతదా? మీ నాయనమ్మ మూడు నెలల సంది జున్ను జున్ను అని నా పానం తీస్తున్నది. ఐసు పెట్టించుకొని జర తీసుకరా. సోమవారం సీదా ఇంటికే రా!"

బుగ్గలో జిన్నుతో మళ్లీ "ఊఁ" అన్నాను. ఆ ఊఁ నా కొంప ముంచింది.

సోమవారం సూర్యాపేటలో దిగి మిఠాయి దుకాణాలన్నీ తిరిగాను. ఒకాయన, "అడగంగనే ఇయ్యనీకి జున్నంటే లడ్డా మేడం? బర్రె ఈనాలె గద!" అన్నాడు. మైకుకు ఫోన్ చేస్తే, వాళ్ల పెద్దమ్మ బర్రె మొన్ననే ఈనిందట. ఇంటికి పోవాల్సిన దాన్ని కోదాడ బస్సెక్కాను. (నోరు దానిది, తిరుగుడు నాది. ఈ మాట డైరీలో రాసుకున్నానే గాని దాని ముఖం మీద అనలేదు.) ఆ పెద్దమ్మ, "మిరియాలు దంచి వేశానమ్మా, కుదపకుండా పట్టుకెళ్లు" అంటూ స్టీలు డబ్బా ఇచ్చింది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా, గుంత వచ్చినప్పుడల్లా డబ్బాను పసిపిల్లలా పైకెత్తుకుంటూ ఇల్లు చేరాను.

అమ్మ మూత తీసింది. "గోవా వాళ్లు గూడ మన లెక్కనే మిరియాలు ఏస్తరా?"

"ఊఁ."

అమ్మ వంటింట్లోకి పోగానే నాయనమ్మ దగ్గరికి పిలిచింది. "మీ అమ్మ స్పీకరు పెట్టింది. ఆ పిల్ల అన్నది జిన్ను. నా చెవులు మంచిగనే ఉన్నయ్."

నేను వంటింటి వైపు చూశాను.

"మంచిగున్నదా మరి?"

"చేదు, నాయనమ్మా."

"దానికి గంత దూరం పోయినవా, పిచ్చిదానా! ఇగ ఇది తిను" అని తన పళ్లెంలోని ఆఖరి ముక్క నా నోట్లో పెట్టింది.

తిరుగు బస్సులో డైరీ తీసి 'జిన్ను'లోని గుడిని కొమ్ముగా దిద్దాను. ఇన్నేళ్లకు మొన్న తీసి చూస్తే అది గుడీ కాదు, కొమ్మూ కాదు, వట్టి సిరా మరక. పాపం అది దిద్దిన ఆనాటి పిల్ల ఎంత భయపడిందో అని నవ్వొచ్చింది. అమ్మ మాత్రం తెలిసినవాళ్లు ఎవరు గోవా పోతున్నా, "గాడ జున్ను మంచిగుంటదట, తెచ్చుకోండ్రి" అని చెబుతూనే ఉంది. పక్కన నిలబడి నేను ఇప్పటికీ "ఊఁ" అంటూనే ఉన్నాను.