ప్రష్యా మేజరు మీద అతికించిన కాగితం

నా చిన్నప్పుడు మేము అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇరాక్‌లో యుద్ధం నడుస్తున్న రోజులవి. మా వీధిలో చాలా ఇళ్ళ ముందు జెండాలు, సైనికులు క్షేమంగా తిరిగి రావాలని చెట్లకు కట్టిన పసుపు రిబ్బన్లు ఉండేవి. నేను ఐదో గ్రేడ్‌లో ఉన్నాను. ఆ ఏడాది స్కూల్లో జరిగిన సంగతి తలుచుకుంటే, ఇద్దరు పిల్లల తల్లినైన తర్వాత కూడా నా చెవులు వేడెక్కుతాయి.

వేరే దేశం నుంచి వచ్చిన ఏదైనా ఒక కుటుంబాన్ని ఎంచుకుని, వాళ్ళ పూర్వీకుడి కథను అట్టబోర్డు మీద రాసి తెమ్మని మా టీచర్ చెప్పింది. నేను పక్కింటి అమెరికన్ తాతగారి ముత్తాతను ఎంచుకున్నాను. తాతగారు ఎనభై దాటిన మనిషి, ఒంటరివాడు. వాళ్ళ హాల్లో ఆ ముత్తాత పటం ఉండేది. తర్వాత జర్మనీలో కలిసిపోయిన ప్రష్యా రాజ్యపు సైన్యంలో మేజరు, ఛాతీ మీద పతకాలు, నడుముకు కత్తి. అంత అందమైన బోర్డు క్లాసులో ఇంకెవరికీ ఉండదని మురిసిపోయాను. నేను అడగ్గానే తాతగారు లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో మేజరు రాసిన ఉత్తరాలు, వాటిని తాతగారి తల్లి ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్న నోటుపుస్తకం ఉన్నాయి. "అంతా చదువు. సగంలో ఆపకు," అన్నారు.

ఆ మేజరు పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో చేరాడు. గుర్రాల గురించి, చలి గురించి, కరిచే బూట్ల గురించి వారం వారం తల్లికి రాసేవాడు. లెఫ్టినెంటుగా ఉండగా అతని దళాన్ని ఒక నేతగాళ్ళ ఊరికి పంపారు. కూలి తగ్గించేసిన షావుకారు ఇంటి ముందు ఆడా మగా గుమిగూడారు. వాళ్ళ చేతుల్లో రాళ్ళు, కర్రలు తప్ప ఏమీ లేవు. కాల్చమని ఆజ్ఞ ఇచ్చింది తానేనని అతనే రాశాడు. ఎంతమంది పడిపోయారో రాయలేదు. ఒకడి జుట్టుకు ఇంకా నూలు పీచు అంటుకుని ఉందని మాత్రం రాశాడు. ఆ కిందే, ఆ పూట భోజనంలో బాతు మాంసం బాగుందని రాశాడు.

అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. కెప్టెన్ అయ్యాడు, రెండు యుద్ధాల్లో పోరాడి పతకాలు తెచ్చుకున్నాడు, మేజరుగా రిటైరై గులాబీలు పెంచుకుంటూ ప్రశాంతంగా కన్నుమూశాడు. కొడుకు ఓడెక్కి డెట్రాయిట్ వచ్చాడు.

వంటగదిలో అమ్మకు ఆ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ పుట్టిల్లు చీరాల, వాళ్ళది మగ్గం ఇల్లు. అమ్మ స్టవ్ ఆపేసింది. వాళ్ళ తాత నేసిన చీరలు చంకలో పెట్టుకుని పొద్దుటి నుంచి షావుకారు అరుగు మీద కూర్చునేవాడని, నేత బాగాలేదని వంక పెట్టి కూలి కోసేవాళ్ళని అప్పుడే మొదటిసారి నాకు చెప్పింది. "మా తాత కూడా ఒకసారి అందరితో కలిసి అడగడానికి వెళ్ళాడు. ఆయన్ని ఎవరూ కాల్చలేదు, అంతే తేడా." ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. బోర్డు మధ్యలో, పటం ఫోటో కింద, ఎర్ర మార్కర్‌తో రాశాను: ఈ రాక్షసుడు ఆకలితో ఉన్న నేతగాళ్ళను కాల్పించాడు.

ప్రదర్శన రోజు ఉదయం అమ్మానాన్నలతో స్కూలు జిమ్ హాల్లోకి వెళ్ళేసరికి ఆ వాక్యం మీద తెల్ల కాగితం అతికించి ఉంది. ఇది సంతోషంగా చేసుకునే రోజని, మన క్లాసులోనే ఇద్దరి నాన్నలు యుద్ధంలో ఉన్నారని, సైనికుడి గురించి అలా రాస్తే వాళ్ళకు బాధ కలుగుతుందని టీచర్ నా పక్కన వంగి మెల్లగా చెప్పింది. పైగా ఆ మేజరు మనవళ్ళు ఏమనుకుంటారని అడిగింది. చచ్చిపోయిన నేతగాళ్ళ మనవళ్ళు ఏమనుకుంటారని మాత్రం ఆమెకు తోచలేదు. నేను నాన్న వైపు చూశాను.

"వదిలెయ్‌రా కన్నా. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. స్కూల్‌తో ఇష్యూ ఎందుకు?" అన్నారు.

ఆయన భయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం ఆయన మీద కూడా కోపమే వచ్చింది.

కాసేపటికి తాతగారు వచ్చారు, కోటు వేసుకుని, చేతికర్రతో. బోర్డు ముందు నిలబడి కాగితాన్ని చూసి, అది నేనే పెట్టానా అని అడిగారు. కాదన్నాను. ఆయన కర్రను నాకిచ్చి, గోటితో ఒక్కో మూలా లేపి, కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, మడిచి టీచర్ చేతికిచ్చారు.

"ఆయన నా ముత్తాత. నేనూ యుద్ధంలో పనిచేసినవాణ్ణే. మేము చేసింది చెబితే మాకు బాధ కలుగుతుందని మీకు మీరే అనుకోకండి."

గొంతు పెంచలేదు. టీచర్ ముఖం ఎర్రబడింది. ఆ కాగితం పట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, 'రాక్షసుడు' అన్న మాట కొట్టెయ్యమన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "మీరు కూడానా?" అన్నాను.

"వాళ్ళమ్మకు ప్రతి వారం ఉత్తరం రాసిన కుర్రాడు తల్లీ అతను. ఇరవై మూడేళ్ళవాడు. రాక్షసుడని రాస్తే, చదివినవాళ్ళు 'మనం అలాంటివాళ్ళం కాదులే' అనుకుని పక్క బోర్డు దగ్గరికి పోతారు. అంత తేలిగ్గా వాళ్ళను పోనివ్వకు."

పళ్ళు కొరుక్కుంటూ కొట్టేశాను. దాని పైన 'ఇరవై మూడేళ్ళ లెఫ్టినెంటు' అని రాశాను. తాతగారు మధ్యాహ్నం వరకు బోర్డు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆగినవాళ్ళందరికీ బోర్డు దగ్గర పెట్టిన నోటుపుస్తకంలోంచి ఆ ఉత్తరాన్ని తానే చదివి వినిపించారు. బాతు మాంసం గురించిన వాక్యాన్ని ఒక్కసారి కూడా వదల్లేదు. భర్త ఇరాక్‌లో ఉన్న ఒక తల్లి కూడా నిలబడి విన్నది. ఆమె ఏమనుకుందో నాకు తెలియదు, కానీ చివరిదాకా కదల్లేదు.

నేనిప్పుడు కూలీల తరఫున వాదించే లాయర్‌ని. గోదాముల్లో వాళ్ళకు జరిగేవి చదువుతుంటే అదే మంట లేస్తుంది. కోర్టు పిటిషన్ మొదటి డ్రాఫ్టు ఆ మంటలోనే రాస్తాను. మర్నాడు కూర్చుని తిట్లన్నీ కొట్టేసి, ఎవరు, ఏ రోజు, ఎవరికి ఏం చేశారో మాత్రమే ఉంచుతాను. కోపం ఏమీ తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు.