పెట్టని రెండో సంతకం

1997 జూన్‌లో డిప్యూటీ సివిల్ సర్జన్‌గా గోదావరి డెల్టాలోని ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ అయ్యాను. ప్రసూతి విభాగానికి నేనే పెద్దదాన్ని. ఊరి పేరు చెప్పను. తప్పు ఊరిది కాదు, నాది.

గర్భస్రావ చట్టం ప్రకారం అప్పట్లో పన్నెండు వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆపైన ఇరవై వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. తల్లి మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని జరుగుతుందన్నది కూడా చెల్లే కారణమే. డాక్టరు కాదంటే ఎవరికి అప్పీలు చేసుకోవాలో మాత్రం చట్టం చెప్పలేదు.

నాగమణి ఉప్పాడ నేతవాళ్ళ అమ్మాయి, ఆ ఊరి కోడలు. ఒక శుక్రవారం చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. పాలిస్తున్నందువల్లే నెలసరి రావడం లేదనుకుందట. స్కానింగ్‌లో పద్దెనిమిది వారాలు దాటినట్టు తేలింది. మొదటి కాన్పు తర్వాత ఆమెకు మతి చెదిరి, నెలల తరబడి మందులు వాడింది.

"అప్పుడు పిల్లని కాలవలో పడెయ్యబోతే మా అత్తగారు లాక్కున్నారండి. మళ్ళీ అలాగైతే ఏం చేస్తానో నాకే తెలీదండి" అంది.

మా జూనియర్ డాక్టరు తన అభిప్రాయం రాసి సంతకం పెట్టింది. రెండో సంతకం నాది. పాత మందుల చీటీలు లేవని సాకు చూపి, మానసిక వైద్యుడి అభిప్రాయం కావాలని రాసి పక్కన పెట్టాను. చట్టం అది అడగలేదు. కిందటేడు పొరుగు ఆసుపత్రిలో ఇలాంటి ఫారాల మీదే విచారణ జరిగింది. నా భయం నాది.

మానసిక వైద్యుడు కాకినాడ నుంచి గురువారాలు మాత్రమే వచ్చేవాడు. ఆ గురువారం ఆయన సెలవు. నాగమణి బయట బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుని నా గదిలోకి వచ్చింది.

"మీరు పెట్టకపోతే ఇంకెవర్ని అడగాలండి?"

అర్హత ఉన్న మరో డాక్టరు ఎవరైనా ఆమెను చూసి ఆ సంతకం పెట్టవచ్చు. ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు. కానీ పెద్ద డాక్టరు ఆపిన కాగితం మీద మరొకరు సంతకం పెడితే ఆ పెద్ద డాక్టరును అవమానించినట్టేనని మాలో ఒక మర్యాద ఉండేది. జూనియర్ తల దించుకుని నిలబడింది. వచ్చే గురువారం రమ్మని పంపేశాను.

తర్వాతి గురువారం మానసిక వైద్యుడు వచ్చి నాగమణితో గంటసేపు మాట్లాడాడు. ఆమె భయం నిజమేనని, గర్భం తీసేయడమే మంచిదని రాశాడు. అప్పటికి ఇరవై వారాలు దాటి రెండు రోజులైంది. ఇక ఎన్ని సంతకాలున్నా చెల్లవు.

కాన్పు మా దగ్గరే అయింది. మూడో వారానికి జబ్బు తిరగబెట్టింది. పిల్లలిద్దరినీ అత్తగారు తీసుకుపోయింది. నాగమణిని విశాఖపట్నంలో మానసిక వైద్యశాలకు తరలించాల్సి వచ్చింది. దానికి కావలసిన కేసు షీటు నకలు కోసం ఆమె భర్త సత్యనారాయణ వచ్చాడు. అంతా ఇంగ్లీషులో ఉంది, ఏం రాశారో చదివి చెప్పమన్నాడు. నా వాక్యమూ, దాని కింద మానసిక వైద్యుడి వాక్యమూ చదివాను.

"ఇదే కదండీ మా ఆవిడ మొదటిరోజు చెప్పింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, నేను సంతకం పెట్టలేని ప్రతిసారీ పెట్టగల మరో ఇద్దరు డాక్టర్ల పేర్లు చీటీ మీద రాసి, ఎన్ని రోజుల గడువు మిగిలిందో చెప్పి, ఆ పూటే ఇచ్చి పంపేదాన్ని. అప్పీలుకు చోటు లేనప్పుడు ఇంకో గుమ్మం చూపించాల్సిన బాధ్యత, కాదన్న డాక్టరుదే. నాగమణి అడిగిన రోజున ఆ రెండు పేర్లూ నాకు తెలుసు.