‘లూమ్’కు పాత అర్థం చెప్పిన పెద్దమనిషి

తెలివి ఒలకబోసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. హుస్నాబాద్ నుంచి సిద్దిపేటకు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అచ్చం ఆ రకం. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా ఒళ్ళో అడ్డంగా ఉన్న మా బాపు మగ్గం కర్రను చూడగానే ఆయన నోరు ఊరుకోలేదు.

"మగ్గాన్ని ఇంగ్లీషుల లూమ్ అంటరు, ఎరుకేనా?" అన్నాడు. "పాత ఇంగ్లీషుల అది మగ్గం కాదు. ఇంట్ల ఏ సామానైనా, ఏ పనిముట్టైనా లూమే. నీళ్ల తొట్టి గూడ లూమే. మగ్గమనే అర్థం తర్వాత వచ్చింది."

"మీరు ఎన్నడన్న నేసిన్రా సార్?" అన్నాను, వెటకారంగానే.

"నాకేం కర్మ?" అన్నాడు. అంటూనే కర్రను అరచేత్తో ఒకసారి నిమిరి, చెయ్యి చూసుకుని, చేతిరుమాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు.

సిద్దిపేటలో దిగేదాకా ఆయన మొహం చూడలేదు. లోలోపల మాత్రం నానా తిట్లూ తిట్టాను. నేత తెలియనివాడికి మగ్గం మాటెందుకు?

కానీ బాపు పోయాక, ఆయన కాళ్ళు దించుకుని నేసిన మగ్గం గుంటలో ఉల్లిగడ్డలు పోసుకున్నది మేమే. ఆ కర్ర మీద ఇన్నేళ్ళూ తడిబట్టలు ఆరేసుకున్నదీ మేమే. దసరాకు మాత్రం మరిచిపోకుండా దానికి బొట్టు పెడతాం. ఆయన చెప్పిన పాత అర్థం మా ఇంట్లోనే ఉంది.

బాపు నేసే రోజుల్లో ఆ కర్ర మీద దుమ్ము ఉండేది కాదు. ఆ పెద్దమనిషి రుమాలుకు అంటింది మా దుమ్మే.