ముందు కూర్చోండి, తర్వాత కోప్పడండి

పక్కింట్లో ఫోను మోగితే నేనెత్తను. తాళంచెవి నా దగ్గరే ఉన్నా ఎత్తను. ఆ రోజు పొద్దున అది మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. చివరికి తలుపు తీసి ఎత్తాను. హలో అనాలని తెలుసు గానీ నోట రాలేదు.

"ఎవరండీ? అన్నయ్యగారేనా?" అన్నారు అవతల టీచరమ్మగారి చెల్లెలు. విజయవాడ ఆస్పత్రి నుంచి.

ఊఁ అన్నాను.

"అక్క పోయిందండీ."

నేను మళ్ళీ ఊఁ అన్నాను. ఆవిడ ఏడుస్తున్నారు. నేను ఏదో ఒకటి అనాలి. ఏమనాలో తోచక, "మొక్కలకి నీళ్ళు పోశానండీ" అన్నాను.

మా పక్కింటి టీచరమ్మగారు బందరులో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. చివరి ఏళ్ళలో ఆ బడికే హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన పెట్టినప్పుడు, పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. బెంచీ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. కూర్చున్నాను. ఆ రెండు మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

ప్రార్థనయ్యాక చెల్లెలుగారు, ఆదివారం వచ్చి ఇల్లు ఖాళీ చేస్తామన్నారు. అద్దిల్లు కదా. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకొకటే దిగులు. ఆవిడ వరండాలో రెండు చెక్క కుర్చీలున్నాయి, ఎదురెదురుగా. అందులో ఒకటి నాక్కావాలి. కావాలంటే అడగాలి. అడగడం నాకు ఏనాడూ చేతకాలేదు.

ఆ కుర్చీ సంగతి చెప్పాలంటే ఆవిడ చదువు సంగతి చెప్పాలి.

మాది సముద్రం పక్క పల్లె. పడవ మానేశాక, మా ఇంటిది కూడా పోయాక, బందరు వచ్చి ఆ వీధిలో గది తీసుకున్నాను. హార్బరు నుంచి చిరిగిన వలలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని బాగుచేసేవాణ్ణి. పక్క వాటాలో టీచరమ్మగారూ వాళ్ళమ్మగారూ ఉండేవారు. టీచరమ్మగారి హ్యాండుబ్యాగులో ఎప్పుడూ అరిగిపోయిన సుద్దముక్కలు ఉండేవి. డబ్బులు తీస్తే నోట్లకి కూడా సుద్దే.

బడి నడపడానికి వేరే చదువుంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. రెండో శనివారం, ఆదివారం గుడివాడలో ఒక కాలేజీలో క్లాసులు. ఆవిడ తెల్లారుజామున ప్రార్థనకి వెళ్ళి, అటునుంచి అటే ప్యాసింజరెక్కేవారు. ఎండాకాలం వచ్చేటప్పుడు గుడ్లవల్లేరు స్టేషన్లో తాటిముంజలు కొని, సగం మా గోడ మీద పెట్టేవారు. "పాఠం చెప్పడం వేరు, బడి నడపడం వేరండీ అన్నయ్యగారూ. పాఠం చెప్పేవాళ్ళు పిల్లలతో మాట్లాడితే చాలు. హెడ్డు ఊరందరితో మాట్లాడాలి" అనేవారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడది చిన్న గొంతు. ఆ డిప్లొమాకి రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్ కూడా ఉండేదిట. పరీక్ష పెట్టేవాయన కోపంగా వచ్చిన తండ్రి వేషం వేస్తాడు, వీళ్ళు హెడ్డు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పాలి. మొదటిసారి ఆవిడ అందులో తప్పారు.

"ఆయన బల్ల గుద్దేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయండీ. లెక్క తప్పిన పిల్లలా లేచి నిలబడిపోయాను" అన్నారు.

మళ్ళీ తప్పితే బడికి బయటినుంచి ఎవరినో తెస్తామని మేనేజ్‌మెంట్ వాళ్ళు చెప్పేశారు. ఆ సాయంత్రమే ఆవిడ వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి నన్ను పిలిచారు.

"మీరు పిల్లాడి తండ్రి. నా మీద దెబ్బలాడాలి."

లోపల మంచం మీంచి వాళ్ళమ్మగారు పకపకా నవ్వారు. "ఆ అబ్బాయా? ఆ నోట్లోంచి మాట రావాలంటే చేద వేసి తోడాలే!"

ఆవిడ అన్నదే నిజం. వెళ్ళి నిలబడ్డాను. "అమ్మా, మా వాడికి మార్కులు తక్కువొచ్చాయండి."

"అలాగాండీ. కూడా ఉండి చదివించుకోవాలి మరి."

"సరేనండీ" అని వెనక్కి తిరిగాను.

"సరేనంటారేంటండీ! తగువుకి వచ్చారు మీరు!"

"నువ్వే నయం" అన్నారు అమ్మగారు. "ఏడిచినా అక్కడే నిలబడ్డావు. ఈయన దణ్ణం పెట్టి పోతున్నాడు."

కొన్నాళ్ళు అలాగే సాగింది. నాకు తిట్టడం రాలేదు, ఆవిడకి జవాబు చెప్పడం రాలేదు. చీకటి పడేదాకా ఒకళ్ళకొకళ్ళం సరేనండీ అనుకోవడమే.

ఒకరోజు హార్బరు నుంచి తిన్నగా వచ్చాను. ఒళ్ళంతా వల వాసన. ఆవిడ పుస్తకంలో చూసి నేర్చుకున్న మాట ఒకటి అన్నారు. "మీ ఫిర్యాదు ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి."

నాకేమైందో తెలీదు.

"రాతొస్తే నీ దగ్గరికి ఎందుకొస్తానమ్మా?" అన్నాను. గట్టిగా అన్నాను. "మా వాడి దగ్గర చేపల వాసనొస్తోందని బయటికి పంపేశారు. పడవోడి కొడుకు దగ్గర చేపల వాసన రాక సంపెంగల వాసనొస్తదా? ఆ చేపలే మీ ఇళ్ళల్లో ఉడుకుతుంటే రాదా వాసన?"

లోపల అమ్మగారు నవ్వడం మానేశారు.

టీచరమ్మగారు లేచి ఇవతలికి వచ్చారు. హెడ్డు కుర్చీ దిగకూడదని పుస్తకంలో ఉందిట. దిగారు. రెండో కుర్చీ నా దగ్గరికి లాగి, "ముందు కూర్చోండి. తర్వాత కోప్పడండి. నేనెక్కడికీ పోను" అన్నారు.

కూర్చున్నాను. "అది నా మాట కాదండీ. మా నాన్న అనలేకపోయింది" అన్నాను.

నన్ను బళ్ళోంచి పంపేసినప్పుడు మా నాన్న పడవ దిగి, తడిపంచెతోనే బడికొచ్చాడు. హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలాయన తలెత్తి, "ఏంటి?" అన్నాడు. మా నాన్న "ఏం లేదండి" అన్నాడు. అంతే. దారిలో నా భుజమ్మీద చెయ్యేసి, రేపటి నుంచి పడవకి రారా అన్నాడు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఇంటిదానికి కూడా.

టీచరమ్మగారు అయ్యో అనలేదు. మజ్జిగ తెచ్చిచ్చి, నేను తాగిందాకా ఎదురుగా కూర్చున్నారు.

రెండోసారి ప్రాక్టికల్ అయ్యాక, స్టేషన్ నుంచి రిక్షా దిగుతూనే గోడ మీంచి కేకేశారు. "అన్నయ్యగారూ, ఆయన మళ్ళీ బల్ల గుద్దాడండీ! లేచి వెళ్ళి కుర్చీ లాగాను. కూర్చున్నాక పాపం ఆయనకి ఏమని తిట్టాలో తోచలేదు!"

హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక గదిలో ఆవిడ చేసిన మార్పు ఒకటే. తన బల్లకి అటూ ఇటూ కాకుండా, పక్కన కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించారు. లుంగీ ఎగ్గట్టుకుని కేకలేస్తూ వచ్చినవాణ్ణయినా ముందు అక్కడ కూర్చోబెట్టేవారు. ఆ కుర్చీకి చేపల కంపండీ అని మేష్టార్లెవరో సణిగితే, "కుర్చీ తుడుచుకోవచ్చండీ. వెళ్ళిపోయిన మనిషిని వెనక్కి తేలేం" అన్నారట. దివిసీమ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల తండ్రులు పడవలో రేవు దాటి, బస్సెక్కి వచ్చి, ఆ కుర్చీలోనే కునుకు తీసేవాళ్ళట. లేపేవారు కాదు.

అమ్మగారు పోయారు. తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ రిటైరయ్యారు. వరండాలో కుర్చీలు మాత్రం అలాగే ఉండిపోయాయి. సాయంత్రం నేను మెట్టెక్కగానే, "ముందు కూర్చోండి. ఇవాళ్టి కంప్లయింటు ఏంటండీ?" అనేవారు. ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. కరెంటు పోతోందనో, కుళాయిలో ఉప్పునీళ్ళనో. "రాతపూర్వకంగా ఇవ్వండి" అని నవ్వేవారు. ఇంకేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను రోజు మొత్తానికి మాట్లాడే మాట అదే. ఆస్పత్రికి వెళ్తూ తాళంచెవి ఇచ్చినప్పుడు కూడా, "వచ్చాక వింటాను, అన్నీ దాచిపెట్టండి" అన్నారు.

ఆదివారం చెల్లెలుగారు ట్రాలీ ఆటోతో వచ్చారు. మంచాలు, బీరువా, పుస్తకాలు ఎక్కించారు. నేనూ సాయం పట్టాను. కుర్చీలు రెండూ అన్నిటి పైన తలకిందులుగా పెట్టి తాడు కట్టారు.

"ఏమన్నా చెప్పాలా అన్నయ్యగారూ?" అన్నారావిడ.

"ఏం లేదండి" అన్నాను.

అన్నాక తెలిసింది, అది ఎవరి మాటో. ఆటో కదిలి వీధి మలుపు దాకా వెళ్ళింది. నా అంతట నేనే పరిగెత్తాను.

"అమ్మా! నాదో కంప్లయింటు!"

డ్రైవరు బండి ఆపాడు. వీధిలో వాళ్ళంతా చూస్తున్నారు.

"ఆ కుర్చీ... నేను కూర్చునేదండీ" అన్నాను.

ఆవిడ నన్ను చూసి, డ్రైవరుతో తాడు విప్పమన్నారు. రెండూ తీసుకోండి అన్నారు. ఒకటి చాలన్నాను. టీచరమ్మగారు కూర్చున్న కుర్చీ ఆవిడ వాళ్ళింటికి వెళ్ళడమే సబబు.

ఇప్పుడది మా గుమ్మంలో ఉంది, పక్క వాటా వైపు తిప్పి. అక్కడ తలుపుకి ఇంటివాళ్ళ కొత్త తాళం. మొక్కలకి గోడ మీంచి నీళ్ళు పోస్తున్నాను. చెప్పాల్సినవి చాలా దాచాను. గుడివాడ ప్యాసింజరు కూత వినపడే వేళకి వల పక్కన పెట్టి లేస్తాను. ఎక్కడికీ పోనన్నారు కదండీ అనేది అన్నిటికన్నా పెద్ద కంప్లయింటు. కానీ ముందు కూర్చోవాలి. కూర్చోమనేవాళ్ళు లేక, కుర్చీ వీపు మీద చెయ్యేసి, చీకటి పడేదాకా నిలబడే ఉంటున్నాను.