ఆముదం పూసిన రైఫిలు

మా ముత్తాతగారు ఊరి మునసబు. తాతగారు ఇరవై ఏళ్లు పంచాయతీ ప్రెసిడెంటు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, వీధిలో వెళ్లేవాళ్లు సైకిలు దిగి నడిచేవారు. నాన్నగారి నాటికి పదవులు లేవు, నమస్కారాలు మాత్రం ఉండేవి. నా వంతుకు వచ్చినవి రెండెకరాల పత్తి చేను, తాతగారి పాయింట్ టూటూ రైఫిలు. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి అని లైసెన్సులో ఉంటుంది. నేను దాన్ని ఒక్కసారీ పేల్చలేదు. అయినా అది మా ఇంట్లో ఉండాలి.

ఈసారి రెన్యువల్‌కు రైఫిలు తెచ్చి చూపించమన్నారు. "పనిచేసే స్థితిలో ఉండాలండి, లేకపోతే సరెండర్ చేయమంటారు" అని స్టేషన్ నుంచి కానిస్టేబులు ఫోన్లో మర్యాదగానే చెప్పాడు. సోమవారం వెళ్లాలి. శనివారం పొద్దున తీసి చూస్తే, తూటా పెట్టడానికి వెనక్కి లాగే బోల్టు కదలలేదు.

తప్పు మాదే. ప్రతి దసరాకు రైఫిలును పీట మీద పెట్టి, పసుపు కుంకుమ అద్ది, తుప్పు పట్టకుండా ఆముదం పూయడం మా ఇంటి ఆచారం. బండి ఇరుసుకు పనికొచ్చేది దీనికెందుకు పనికిరాదని తాతగారి లెక్క. అన్ని దసరాల ఆముదమూ కుంకుమా కలిసి లక్కలా బిగుసుకుపోయాయి.

గుంటూరులో బాగుచేసేవాళ్లున్నారు. పరాయివాడి బల్ల మీద దాన్ని పెట్టి "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అనిపించుకోవడం నాకిష్టం లేదు. వరండాలో పాత దుప్పటి పరిచాను. మ్యాగజైను తీసి, గొట్టాన్ని గోడవైపు తిప్పి, బోల్టు చుట్టూ కిరసనాయిలు చుక్కలు వేశాను. భోజనాలయ్యాక అది తెరుచుకుంది. లోపల తూటా లేదని వేలు పెట్టి మరీ చూసుకున్నాను.

"విప్పేటప్పుడు ఫోటోలు తియ్యనా?" అంది మా ఆవిడ.

"అక్కర్లేదు. నాకు గుర్తుంటుంది."

"ఆఁ, మిక్సీ విప్పినప్పుడు గుర్తున్నట్టే."

బోల్టును పూర్తిగా బయటికి లాగేశాను. నాన్నగారి పాత పంచె చింపి గొట్టంలో కడ్డీతో దూర్చాను. మొదటి గుడ్డలు ఎర్రగా వచ్చాయి, తర్వాతవి నల్లగా. ఆఖరు గుడ్డ తెల్లగానే బయటికొచ్చింది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి మెలికల గీతలు తళతళలాడాయి. చాలాకాలం తర్వాత ఏదో పని చేశాననిపించింది. మా ఆవిడ కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి బిగించబోయాను.

బోల్టు సగం వరకూ వెళ్లి ఆగిపోయింది. తిప్పాను, తీసి మళ్లీ తోశాను. గంట గడిచింది.

"సుత్తి తేనా?"

"నువ్వు లోపలికెళ్లు."

వెళ్లలేదు. ఫోను నా ముందు పెట్టింది. "వద్దన్నారని నాలుగే తీశా. మీ ఎడమచెయ్యి ఎక్కడుందో చూడండి."

చూశాను. ఫోటోలో కుడిచేత్తో బోల్టు బయటికి లాగుతున్నాను, ఎడమచేతి వేలు ట్రిగ్గరు నొక్కి ఉంది. ఆ సంగతి నాకే తెలియదు. ట్రిగ్గరు నొక్కిపట్టి తోశాను. బోల్టు మెత్తగా లోపలికి వెళ్లి కూర్చుంది.

"ఈ దసరా నుంచి కుంకుమ చెక్క పిడి మీదే" అంది. సరేనన్నాను.

సోమవారం ఎస్సైగారు బోల్టు రెండుసార్లు ఆడించి, "బాగా మెయింటెయిన్ చేశారండీ" అన్నారు.

"మా ఇంట్లో అలవాటండీ" అన్నాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది.

రైఫిలును ఆమె చీరల బీరువాలో పెట్టి తాళం వేశాను. దీనికోసం చేయించిన అద్దాల టేకు బీరువానూ, అందులో దీని పక్కన ఉండే రెండు జోడు గొట్టాల తుపాకులనూ, ఆ అరుగున్న ఇంటినీ నాన్నగారి ఆపరేషను ఏడాది అమ్మేశాం.