చిల్లగింజకు లొంగని నీళ్ళు

మా ఇంటి నీళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. ఆ పాపం ఇంకెవరి మీదికీ తోయలేను.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో గురజాల దగ్గర ఒక పల్లెలో సైన్సు మాష్టర్ని. ఊరంతా వాన నీటి కుంట నీళ్ళే తాగేది. అమ్మ ఆ బురద నీళ్ళు కుండలో పోసి, లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేది. కాసేపటికి మట్టి అడుగుకు దిగి నీరు తేరుకునేది. చదువుకున్నవాణ్ణి కదా, నాకది చూస్తే రోత. నా కూతురు పుట్టిన ఏడే పెరట్లో రాయి కొట్టించి బావి తవ్వించాను.

నీరు పడిన రోజున బడి నుంచి గాజు గ్లాసులు తెచ్చి పరీక్ష పెట్టాను. కుంట నీళ్ళను కదపకుండా ఉంచితే ముతక మట్టి దిగిపోయింది. అది అవలంబనం. పైన మిగిలిన నీళ్ళలోకి చీకటి గదిలో టార్చి వేస్తే వెలుతురు బాట తెల్లగా కనిపించింది. దిగకుండా తేలే సన్నటి నలుసులవి, కొల్లాయిడ్. బావి నీళ్ళలో ఏమీ దిగలేదు. వెలుతురు బాటా కనిపించలేదు.

"చూశావా అమ్మా, నలుసు లేదు!" అన్నాను.

"ఉప్పు కలిపినా ఇట్టాగే ఉంటయ్యి గదరా, ఏంది నీ పరీచ్చ?" అంది అమ్మ.

నవ్వాను. ఏటా పిల్లలకు ఉప్పు నీళ్ళు చూపించే, పూర్తిగా కరిగింది కంటికి కనబడదని నిజ ద్రావణం పాఠం చెప్పేవాణ్ణి. అయినా నవ్వాను.

నా కూతురు ఆ నీళ్ళతోనే పెరిగింది. ముందు పళ్ళకు గోధుమరంగు గార పట్టింది. ఎనిమిదో ఏటికి మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ నడిచేది. గుంటూరులో డాక్టరు దాని కాళ్ళు తడిమి, ఏ నీళ్ళు తాగుతారని అడిగాడు. రాతిలోని ఫ్లోరైడు బావి నీళ్ళలో కరిగి ఉంటుందనీ, అదే ఎముకల్ని వంచిందనీ, ఇక అవి తిన్నగా కావనీ చెప్పాడు. ఈ నీళ్ళు మాత్రం మాన్పించమన్నాడు.

ఆ ఎండాకాలం కుంట నెర్రెలు విచ్చింది. బావి నీళ్ళనే వడకట్టాను, కాచాను. కరిగిపోయింది వడపోతకు చిక్కదని నాకు తెలియదా? తెలిసి కూడా, అమ్మ వాడే చిల్లగింజ తీసుకుని వేళ్ళ తోలు లేచేదాకా కుండకు అరగదీశాను. అడుగున గింజ పొట్టు తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చింది.

నా కూతురు గోడ పట్టుకుని వచ్చింది.

"నాయనా, తేరుకున్నయ్యా? చానా దప్పికగా ఉంది."

ఇంట్లో వేరే నీళ్ళు లేవు. గ్లాసు ముంచి దాని చేతికిచ్చాను.